పాత కాంక్రీటుకు కొత్త అతుకు

నల్లా పైపు కోసం ఇంటి ముందు కాంక్రీటు కోసి, పైపు వేసి, మళ్లీ పూడ్చిన చోటు ఏదైనా ఒకసారి చూడండి. పని గట్టిగానే ఉంటుంది. పగుళ్లుండవు, మట్టమూ సరిపోయే ఉంటుంది. అయినా వీధి చివర నుంచే అది అతుకని తెలిసిపోతుంది. చుట్టూ ఉన్న కాంక్రీటు ఇసుక తేలి, గరుకుగా, వెలిసిపోయి ఉంటే మధ్యలో రెండడుగుల పట్టీ ముదురు బూడిద రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. "రంగు తేడా అంతే సార్, నాలుగు ఎండలు తగిలితే కలిసిపోద్ది" అంటాడు మేస్త్రి. రంగు కొంత కలుస్తుంది, నిజమే. నునుపు కలవదు. పొద్దున్నే వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడల్లా ఆ పట్టీ ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది.

కారణం తేలికే. ఇరవై ఏళ్ల నాటి కాంక్రీటు పైముఖం మేస్త్రి తాపీ ఎత్తేసినప్పుడు ఉన్నట్టు ఇప్పుడు లేదు. వానలు, చెప్పులు, బండి టైర్లు, రోజూ ఊడ్చే చీపురు కలిసి పైనున్న పలచటి సిమెంటు పొరను తినేశాయి. ఆ పొర పోయాక కిందున్న ఇసుక రేణువులు బయటికొచ్చాయి, ఇంకా అరిగిన చోట కంకర మొహాలు కూడా కనబడుతున్నాయి. కొత్త పనిలోనేమో మన మేస్త్రీల చేతి అలవాటంతా సిమెంటు పాలు పైకి తేల్చి నున్నగా లాగడం మీదే. ఎంత నైపుణ్యంగా లాగితే అంత తేడాగా కనబడుతుంది. అతుకు కలవాలంటే కొత్తదానికి వేసిన రోజే కొంత అరుగుదల పెట్టాలి. మిగతాదంతా ఆ అరుగుదల ఎంత, ఎప్పుడు, దేనితో అన్న లెక్కే.

పని పాతదాన్ని కడిగి చూడటంతో మొదలవుతుంది. పాచి, దుమ్ము, ఆయిల్ మరకలు పట్టిన మొహాన్ని చూసి కొత్తది కలిపితే మురికికి జత కుదిర్చినట్టవుతుంది. అతుకు పడే గడి మొత్తం, అంటే ఈ జాయింటు నుంచి ఆ జాయింటు దాకా, గట్టి బ్రష్షుతో నీళ్లు పోసి కడగండి. అతుకు చుట్టూ అడుగు మేర మాత్రం కడిగితే అక్కడొక తెల్లటి చట్రం ఏర్పడి అదే రెండో అతుకులా కనబడుతుంది. ప్రెషర్ వాషర్ ఉంటే మంచిదే కానీ గొట్టం మొనను నేలకి ఆనించి కొట్టకండి. మిగిలిన కాస్త సిమెంటూ లేచిపోయి, పాతది మీ కళ్లముందే ఇంకో పదేళ్లు ముసలిదైపోతుంది.

కడిగింది పూర్తిగా ఆరాక, పొద్దున్నే ఏటవాలు వెలుతురులో చూడాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ గరుకూ కంటికి దొరకదు. పొద్దున వీలుకాకపోతే రాత్రి సెల్‌ఫోన్ టార్చిని నేలకి ఆనించి అడ్డంగా వెలుగు పారించండి, గీతలూ గుంటలూ నీడలతో సహా లేస్తాయి. చూడాల్సినవి ఇవీ: చీపురు గీతలుంటే అంగుళానికి ఎన్ని, ఎటువైపు, గోరు పెడితే ఎంత లోతు దిగుతుంది, గీతల అంచులు పదునుగా ఉన్నాయా మొద్దుబారాయా. గీతలు లేకపోతే ఇసుక రేణువు తగులుతోందా, కంకర కనబడుతోందా. కంకర కనబడితే అరచేయంత చోటులో ఎన్ని రాళ్లున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత అదే చోట నీళ్లు చల్లి ఇంకోసారి చూడండి. పొడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకే బూడిదలా ఉన్న రాళ్లు తడిస్తే అసలు రంగు చూపిస్తాయి.

ఇసుకను తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. కోసి తీసిన ముక్కల్లోంచి కంకర ఏరేసి, గుప్పెడంత మాలును (సిమెంటు, ఇసుక కలిసిన ముద్దను) చితక్కొట్టి ప్లాస్టిక్ మగ్గులో వేయండి. దాని మీద బాత్రూములు కడిగే యాసిడ్‌ని నీళ్లలో కలిపి పోయండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఆరుబయట, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు పెట్టుకునే చేయాలి. బుసబుసా పొంగుతుంది. పొంగు ఆగాక తేటను వంపేసి కొత్తది పోస్తూ రెండు మూడుసార్లు చేస్తే సిమెంటు కరిగిపోయి ఇసుక అడుగున మిగులుతుంది. బొగ్గు బూడిద (ఫ్లై యాష్) కలిసిన సిమెంటైతే సన్నటి మట్టిలాంటిది కూడా మిగులుతుంది, నీళ్లు పోసి కదిపి వంపేస్తే పోతుంది. ఆరబెట్టి తెల్ల కాగితం మీద పోస్తే ఇరవై ఏళ్ల కిందట వాడిన ఇసుక కళ్లముందుంటుంది. రేణువులు గుండ్రంగా, పసుపు గోధుమ ఛాయలో ఉంటే నది ఇసుక. పలుకులుగా, బూడిద రంగులో ఉంటే క్రషర్ ఇసుక.

ఇది తెలియకుండా చేసిన అతుకులే ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడు దొరికేది రోబో శాండ్, అంటే రాయి నలగ్గొట్టిన ఆ క్రషర్ ఇసుకే, పాత ఇళ్లు కట్టింది నది ఇసుకతో. రోబో శాండ్‌లో 150 మైక్రాన్ల కంటే సన్నటి పొడి ఎక్కువ, కంకర, ఇసుకల భారత ప్రమాణం ఐఎస్ 383 కూడా క్రషర్ ఇసుకకు ఆ పొడి 20 శాతం దాకా ఉండనిస్తుంది. ఆ పొడంతా పైకి తేలి మొహం మూసేస్తుంది. పై పొర తుడిచెయ్యడానికి మీరెంత స్పాంజి కొట్టినా కింద నుంచి బయటపడేది పలుకురాయే తప్ప గుండ్రటి రేణువు కాదు. చిన్న అతుక్కి కావాల్సింది రెండు మూడు ఘనపుటడుగుల ఇసుకే కాబట్టి పక్కింటి ప్లాస్టింగ్ పనిలో మిగిలిన నది ఇసుకైనా నాలుగు తట్టలు అడిగి తెచ్చుకోవడం మేలు. ప్లాస్టింగ్ కోసం సన్నటి జల్లెడ పట్టిన ఇసుక మాత్రం వద్దు. అందులో పెద్ద రేణువులు పోయి ఉంటాయి, అరిగిన కాంక్రీటులో మనకు కనబడేవి అవే. 4.75 మి.మీ. జల్లెడ పట్టి పెద్ద రాళ్లు మాత్రం తీసేస్తే చాలు.

కంకర విషయంలో ఊరిని బట్టి పోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల గులాబీ, బూడిద గ్రానైట్. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లటి బసాల్ట్. విశాఖ, విజయనగరం వైపు ముదురు రంగు చార్నొకైట్. పాత ఇల్లు ఏ క్వారీ రాయితో కట్టారో ఆ ప్రాంతపు రాయి దొరికితే సగం పని అయినట్టే. పాతదాంట్లో చేత్తో కొట్టిన పెద్ద కంకర ఉన్నా మీ అతుకు పైభాగానికి 12 మి.మీ. చిప్సే (చిన్న కంకరే) వాడండి, ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు నమూనా పలకలు. ఇది చెప్పగానే ముఖాలు మాడ్చుకుంటారు, కానీ నెల రోజుల ముందు ఆరు పలకలు పోసుకోకుండా రంగు కుదిరిందంటే అది అదృష్టమే. అడుగు చదరం, ఒకటిన్నర అంగుళం మందం. ఆరింటికి కలిపి 8–9 కిలోల సిమెంటు పడుతుంది, అంటే పలకకు సుమారు 1.4 కిలోలు. కొత్త అతుకు సాధారణంగా పాతదానికంటే ముదురుగా తేలుతుంది కాబట్టి మామూలు సిమెంటులో కొంత తీసేసి ఆ బరువుకు తెల్ల సిమెంటు కలపాలి. మొదటి పలకకు ఏమీ కలపకండి. రెండోదానికి 10 శాతం, మూడోదానికి 20, నాలుగోదానికి 30. 20 శాతమంటే 1,120 గ్రాములు మామూలుది, 280 గ్రాములు తెల్లది. వంటింటి త్రాసు మీద తూచండి. "గుప్పెడు వెయ్యి, ఇంకో గుప్పెడు వెయ్యి" అన్న లెక్కతో చేసిన రంగు నమూనాలో బాగున్నా పనిలో మళ్లీ రాదు. మిగిలిన రెండు పలకలు ఫినిషింగ్ అలవాటుకు: ఒకే మాలు, ఒకదాని మీద త్వరగా స్పాంజి, రెండోదాని మీద ఆలస్యంగా. ప్రతిదాని అడుగునా మాలు కొలతా, స్పాంజి పెట్టిన సమయమూ మేకుతో గీసి పెట్టండి.

తడి పలకను చూసి నిర్ణయించొద్దు. కనీసం 28 రోజులు గడిచి, బాగా ఆరాక పాత కాంక్రీటు మీద పడుకోబెట్టి, నిలబడి ఆరడుగుల దూరం నుంచి చూడాలి. ఇంకో సంగతి. సిమెంటు బ్రాండు మారితే రంగు మారుతుంది, ఓపీసీకీ (ఏమీ కలపని సిమెంటు) పీపీసీకీ (బూడిద కలిసినది) తేడా ఉంటుంది, ఉక్కు కొలిమి చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటు ఆరాక మరింత తెల్లగా తేలుతుంది. నమూనాకూ పనికీ ఒకే బస్తా సరుకు ఉండాలి. బస్తా విప్పాక మిగిలింది మందపాటి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి పొడిగా ఉంచకపోతే నెలకి గడ్డలు కడుతుంది.

కోత దగ్గర చాలామంది పైపుకి ఎంత కావాలో అంతే వంకరటింకరగా పగలగొట్టి, అదే అంచుకి మాలు పోస్తారు. వంకర అంచు కంటికి వెంటనే దొరుకుతుంది. దానికంటే నష్టం, అంచు పలచబడి సున్నాకి వచ్చిన చోట మాలు పెచ్చులా లేచిపోతుంది. నాలుగంగుళాల కటింగ్ మెషీన్‌కి డైమండ్ బ్లేడు పెట్టి, నీళ్లు పోస్తూ, 25 మి.మీ. లోతున నిలువుగా నేరుగా కొయ్యండి, ఆ తర్వాతే ఉలితో లోపలిది తియ్యండి. మూలల దగ్గర రెండు గీతలు ఒకదాన్నొకటి దాటి పోకూడదు, దాటిన గీటు ఎప్పటికీ మిగిలిపోతుంది. పాత జాయింటు అడుగున్నర దూరంలో ఉంటే అతుకును అక్కడిదాకా పొడిగించడం అన్నిటికంటే మంచి ఉపాయం. రెండు గడుల మధ్య కాస్త తేడా ఉంటే కన్ను పట్టించుకోదు, గడి మధ్యలో తేడాని మాత్రం వదిలిపెట్టదు. రెండడుగుల మాలు దండగని ఇక్కడ పిసినారితనం చేస్తే మిగతా శ్రమంతా వృథా.

పైపు మీద మట్టి ఆరంగుళాల పొరలుగా వేసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాలి. ఈ పని ఎగ్గొట్టిన చోట మొదటి వానాకాలానికే అతుకు కుంగుతుంది, నీళ్లు నిలుస్తాయి, మొహం ఎంత కలిసినా లాభం లేదు.

కొలతకు ఒక ఉదాహరణ తీసుకుందాం. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం. మొత్తం 6.7 ఘనపుటడుగులు. 1:1.5:3 పాళ్లలో ఒకటిన్నర బస్తాల సిమెంటు, 2.8 ఘనపుటడుగుల ఇసుక, 5.6 ఘనపుటడుగుల చిప్స్ పడతాయి. నీళ్లు బస్తాకి 30 లీటర్లు మించకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా అందులోకే వస్తాయి. మాలు జారుగా ఉంటే పని తేలికే కానీ పైకి తేలే నీళ్లూ పాలూ అంతకంత ఎక్కువవుతాయి, అప్పుడు స్పాంజి కింద ఇసుక దొరకదు. నాలుగంగుళాలకీ తెల్ల సిమెంటు పోయడం డబ్బు దండగ కాబట్టి రెండు పొరలుగా వేయండి. కింద రెండున్నర అంగుళాలు మామూలు మాలు, అది పచ్చిగా ఉండగానే, అరగంటలోపు, పైన ఒకటిన్నర అంగుళం నమూనా మాలు. పొర మందం కంకర సైజుకు కనీసం మూడింతలుండాలి, 12 మి.మీ. చిప్స్ అన్నది అందుకే. పై పొరకు 28 కిలోల సిమెంటు పడుతుంది, 20 శాతమైతే అందులో 5.6 కిలోలు తెల్లది. కిందది గట్టిపడ్డాక పైది వేస్తే రెండూ విడిపోయి, కర్రతో కొడితే డొల్ల మోత వస్తుంది.

పోసే ముందు రోజు రాత్రి పాత అంచులు బాగా తడిపి ఉంచాలి. పొడి కాంక్రీటు కొత్త మాలులోని నీళ్లు పీల్చేసి అంచు వెంబడి వెంట్రుక పగులు తెప్పిస్తుంది. పోసే వేళకి అంచు తడిగా ఉండాలి, నీళ్లు నిలిచి ఉండకూడదు. నిలువు అంచుకి సిమెంటు పాలు రాసి వెంటనే మాలు పొయ్యాలి. ముందే రాసి టీ తాగొచ్చేలోపు అది ఆరితే అతుక్కోవడం పోయి, విడదీసే పొరలా పనిచేస్తుంది.

పాత మొహం మీద రెండు వైపులా వెడల్పాటి మాస్కింగ్ టేపు అంటించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ కొత్త మాలు లాగేటప్పుడు సిమెంటు పాలు పాతదాని రంధ్రాల్లోకి రెండంగుళాల మేర పాకుతాయి, ఆరాక బూడిద నీడలా మిగులుతాయి. చాలా అతుకుల్లో రంగు కంటే ముందు కంటికి దొరికేది ఈ నీడే. కడిగి తీద్దామని తర్వాత యాసిడ్ పోస్తే పాతది కరిగి మరో మచ్చ పడుతుంది. టేపు తడి కాంక్రీటుకు అంటదు కాబట్టి అంచు లోపలి భాగాన్ని తడిపి పైమొహాన్ని మాత్రం పొడిగా ఉంచుకోవాలి. టేపు నిలవకపోతే ప్లైవుడ్ పట్టీలు అంచుకి ఆనించి బరువు పెట్టినా చాలు.

మాలు పోసి, చువ్వతో పొడిచి, బద్దతో మట్టం లాగాక ఒక మి.మీ. ఎత్తుగా వదలండి, అది కాస్త దిగుతుంది. చెక్క రంధాతో (పిడి ఉన్న రుద్దుడు పలకతో) ఒక్కసారి సరిచేసి చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైన నీళ్లు తేలతాయి, మెరుస్తుంటాయి. ఆ నీళ్లున్నప్పుడు రుద్దితే అవి పైపొరలోకే కలిసిపోయి, ఆ పొర బలహీనమై నెల తిరక్కుండా పొడి రాలుతుంది. మేస్త్రి దగ్గర దానికో మందు ఉంది: గుప్పెళ్లతో పొడి సిమెంటు చల్లి నీళ్లు పీల్పించి ఇనప తాపీతో లాగడం. ఊళ్లో ప్రతి సిమెంటు గచ్చు మీదా జరిగేది ఇదే. దాంతో పైన చిక్కటి సిమెంటు పొర ఏర్పడి నల్లగా మారి, సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లిస్తుంది, వానలో జారుతుంది కూడా. మనకు పోవాల్సిన పొరనే ఆయన ఇంకా మందం చేస్తున్నాడన్నమాట. ముందే చెప్పి పెట్టండి: "మేస్త్రీ, పొడి సిమెంటు వద్దు, ఇనప తాపీ వద్దు, స్పాంజి నేను చెప్పినప్పుడే." తాపీ బ్యాగులోంచి తీయనివ్వకపోతే ఇంకా మంచిది.

నీళ్ల మెరుపు పోయాక, బొటనవేలు నొక్కితే 5–6 మి.మీ. గుంట పడి, వేలికి నీళ్లు అంటనప్పుడు రంధాతో రెండోసారి రుద్దండి. ఇంత సమయం అని గడియారం చూసి చెప్పలేం. మే నెలలో ముప్పావు గంటకే వస్తుంది, డిసెంబరులో రెండు గంటలు పట్టొచ్చు. వేసవిలో పని సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకుని, గాలి తగలకుండా పరదా కట్టుకోవాలి.

ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి. మన ఇళ్ల ముందు ఎక్కువగా ఉండేది ఇసుక తేలిన మొహం కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను. దీనికి కావాల్సింది ప్లాస్టింగ్‌కి వాడే స్పాంజి, రెండు బకెట్లు. రెండోసారి రంధా పెట్టిన కాసేపటికి ఒక మూల స్పాంజిని ముంచి, గట్టిగా పిండి, బరువు పెట్టకుండా గుండ్రంగా ఒక్కసారి తిప్పండి. స్పాంజి కింద రేణువులు దొర్లుతూ వస్తే ఇంకా తొందరే, పది నిమిషాలు ఆగండి. రేణువు కదలకుండా పైనున్న సిమెంటు పాలు మాత్రం స్పాంజికి అంటుకొస్తే అదే సమయం. ఆ చోట వంగి చూస్తే ఇందాకటిదాకా ఒకే బూడిద రంగులో ఉన్న మొహం మీద రవ్వలాగా ఇసుక లేచి ఉంటుంది, ఒక్కో రేణువు సగం మునిగి సగం తేలి, చుట్టూ చిన్న నీడతో. అరచేతితో రాస్తే సన్నటి గరుకు కాగితంలా తగలాలి. ఒక్కో తుడుపుకీ స్పాంజి తిరగేయాలి, నాలుగు తుడుపులకోసారి మొదటి బకెట్లో కడిగి, రెండో బకెట్లో ముంచి పిండాలి. మురికి స్పాంజితో తుడిస్తే తీసిన పాలే మళ్లీ పూసినట్టు. నీళ్లు కారే స్పాంజితో తుడిస్తే అక్కడక్కడ చారలు పడతాయి. స్పాంజి పాలు పట్టడం మానేస్తే ఆలస్యమైందని లెక్క, అప్పుడు నైలాన్ బ్రష్షు తీసుకోవాలి.

పాతదాంట్లో కంకర కూడా తేలి ఉంటే స్పాంజి చాలదు. మట్టం లాగిన వెంటనే కొద్ది చిప్స్ కడిగి, పైన చల్లి, రంధాతో లోపలికి అదమండి. ముందు లెక్కపెట్టుకున్న సంఖ్య ఇక్కడ పనికొస్తుంది, అరచేయంత చోటులో పాతదాంట్లో ఎన్ని ఉంటే అన్నే. తర్వాత మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీటి తుంపరతో మధ్యలో పాలు కడిగెయ్యాలి. రాయిని వేలితో తోస్తే కదలనప్పుడే మొదలుపెట్టండి. రాయి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ బయటపడకూడదు, పడితే టైరు కింద ఊడొస్తుంది. పెద్ద చోటైతే ఇంతలో ఒక కొస గట్టిపడిపోతుందని కొందరు పంచదార నీళ్లు పైన పిచికారీ చేస్తారు. పైపొర గట్టిపడటం ఆలస్యమై మర్నాడు కూడా బ్రష్షుకు లొంగుతుంది. పనిచేసే ఉపాయమే, కానీ ఎంత చిక్కన అన్నది నమూనా పలక మీద చూసుకోవాల్సిందే. పొరపాటున అది మాలులోకి పోకూడదు. 50 కిలోల బస్తాకి 25 గ్రాముల పంచదార కలిసినా గట్టిపడటం గంటల కొద్దీ వెనక్కిపోతుంది, 100 గ్రాములు దాటితే అసలు గట్టిపడకపోవచ్చు.

చీపురు గీతలున్న ర్యాంపులకూ సీసీ రోడ్లకూ చీపురు ఎంపికే సగం పని. కొబ్బరి పుల్లల చీపురు లోతుగా, ఎడంగా గీస్తుంది. ప్లాస్టిక్ చీపురు సన్నగా, దగ్గరగా గీస్తుంది. ఒక నమూనా పలక మీద రెండూ లాగి, అంగుళానికి గీతల లెక్క పాతదానితో సరిచూసుకోండి. పాత గీతల దారిని సుద్దముక్కతో రెండు వైపులా గుర్తుపెట్టి, చీపురు ఒకే దిశలో ఒకే లాగులో లాగాలి, ముందుకూ వెనక్కూ ఆడించకూడదు. కట్ట మొదలును నేలకి దించి లాగితే గీత లోతు తగ్గుతుంది. గీతకి బదులు మాలు చిరిగి ముద్దలుగా లేస్తే తొందరపడ్డట్టు. కొత్త గీతలు పదునుగా, పాతవి మొద్దుగా ఉంటాయి కదా, మర్నాడు కార్బొరండం రాయితో నీళ్లు పోస్తూ గీతల తలలు మాత్రం తేలిగ్గా రుద్దితే ఆ తేడా చాలావరకు పోతుంది. దారం అద్ది గడులు గీసిన గచ్చుకైతే అదే మందం నూలుతాడు తడిపి, రెండు కొసలూ బిగించి, పచ్చిమీద అదిమి ఎత్తేస్తే సరి. పాత గడి గీతల వరసలోనే పడాలి.

ఇంటి లోపలి నున్నటి పాత గచ్చు వేరే కథ. అది తాపీతో వచ్చిన నునుపు కాదు, ఏళ్ల తరబడి తుడిచి, నడిచి వచ్చిన మెరుపు. ఎర్ర గచ్చుకైతే చెప్పనక్కర్లేదు. అక్కడ అతుకు దాచాలని చూడటం కంటే గడి మొత్తం తీసి వేయడమే నా సలహా.

గోడలకూ సన్‌షేడ్లకూ ఒక మాట. ఇనప ప్లేట్లు రాకముందు చెక్క పలకల సెంట్రింగుతో పోసిన కాంక్రీటు మీద చెక్క నారలు, పలకల సందుల గీతలు అచ్చుపడి ఉంటాయి. పెచ్చులూడిన చోట ప్లాస్టింగ్ చేసి స్పాంజి కొడితే ఆ నున్నటి మచ్చ దూరానికే తెలుస్తుంది. రంపం కోతతో ఉన్న పాత పలక ముక్కను తీగ బ్రష్షుతో గట్టిగా రుద్దితే మెత్తటి నారపోయి గట్టి నార లేస్తుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి, పచ్చి మాలు మీద అదిమి, నిలువుగా వెనక్కి తీయాలి. పక్కకి జరిపితే అచ్చు చెరిగిపోతుంది. పెచ్చులు లోపలి చువ్వ తుప్పు వల్ల ఊడి ఉంటే ముందు తుప్పు సంగతి చూడండి, పైన అచ్చు తర్వాత.

నీళ్లు పట్టడంలోనూ మచ్చలు పడతాయి. మన దగ్గర స్లాబుల మీద మట్టి కట్టలు వేసి మళ్లలా నీళ్లు నిలుపుతారు. ఎర్రమట్టి కట్ట కింద కొత్త కాంక్రీటు మీద పడ్డ చార ఊరికే పోదు. ప్లాస్టిక్ కవరు ముడతలు పడ్డ చోట ఒక రంగు, అంటుకున్న చోట ఇంకో రంగు వస్తుంది. కొత్త గోనెసంచి గోధుమ రంగు దిగుతుంది. రెండుసార్లు ఉతికిన పాత గోనెసంచులు పరిచి, ఎప్పుడూ తడిగా ఉంచడమే మంచి దారి. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటే ఆరిన ప్రతిసారీ తెల్ల పొర పేరుకుంటుంది, ఈ చిన్న పనికి మంచినీళ్లే వాడండి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకూ, ఎండ మండిపోయే రోజుల్లోనూ 10 రోజులు. నమూనా పలకలకూ ఇదే పద్ధతిలో, ఇన్నే రోజులు తడపాలి, లేకపోతే అవి చూపించే రంగు అబద్ధం.

ఇంత చేసినా ఒక్కోసారి స్పాంజి ఆలస్యమై మొహం నున్నగా మిగిలిపోతుంది. నాలుగు వారాలాగి, నీళ్లు పది నుంచి ఇరవై వంతులకు ఒక వంతు యాసిడ్ కలిపి, ముందు కాంక్రీటు తడిపి, నైలాన్ బ్రష్షుతో పలచగా రాసి, బుడగలు ఆగగానే ధారాళంగా కడిగి, వంటసోడా నీళ్లతో ఒకసారి, మళ్లీ మంచినీళ్లతో ఒకసారి కడిగితే సన్నటి ఇసుక బయటపడుతుంది. బలంగా కలిపి ఒక్కసారి పోయడం కంటే పలచగా రెండుసార్లు మేలు. సున్నపురాయి కంకర వాడిన చోట ఇది వద్దు, యాసిడ్ సిమెంటుతోపాటు రాయినీ తింటుంది. పైన చువ్వ దగ్గరగా ఉన్న సన్‌షేడ్ల మీద కూడా వద్దు, ఇందులోని క్లోరైడు చువ్వకి తుప్పు తెస్తుంది. అలాంటి చోట గ్రైండర్‌కి డైమండ్ కప్పు పెట్టి పైపైన తాకించడమో, సన్నటి ఉలితో గాట్లు కొట్టడమో చేయాలి. కప్పు ఒకే చోట ఆపితే గుండ్రటి మరకలు పడతాయి, చెయ్యి కదులుతూనే ఉండాలి.

పేడనీళ్లు, టీ డికాషన్ పూసి పాతదానిలా చేసే చిట్కాలు తిరుగుతుంటాయి. అనవసరం. గరుకు సరిగ్గా కుదిరితే దుమ్మూ పాచీ పాతదాన్ని పట్టినట్టే కొత్తదాన్నీ పడతాయి, నున్నగా ఉంటే జారిపోతాయి. ఒక వానాకాలం పోనిచ్చి, దసరా తర్వాత పొద్దున్నే ఒకసారి చూసుకోండి. అప్పటికీ కాస్త ముదురుగా ఉంటే ఉండనివ్వండి, ఇంకో ఏడాదికి ఇంకొంచెం తేరుతుంది.

కుదిరిన నమూనా పలకను మాత్రం పారెయ్యకండి. మేకుతో గీసిన కొలతలు పోకుండా మెట్ల కింద పెట్టుకోండి. ఇవాళ నల్లా పైపు, రేపు కేబుల్ వాళ్లొస్తారు.